తెర వెడల్పు ఎంత ఉండవలెను?

టెలివిజనులో పాత తెలుగు చిత్రము వచ్చినపుడు బొమ్మకు కుడియెడమల రెండు నల్లని పట్టీలు నిలుచుటను మీరందరును చూచియే యుందురు. క్రొత్త చిత్రము వచ్చినపుడు ఆ పట్టీలు పైకిని క్రిందికిని పోవును. ఇంటిలో ఎవరో ఒకరు "తెర నిండలేదే" అని మీట నొక్కుదురు. తెర నిండును. కాని కథానాయిక ముఖము గుమ్మడికాయవలె వెడల్పగును. లేదా ప్రక్కన నిలిచిన పాత్ర తల తెగిపోవును. కొంతసేపటికి కన్ను దానికి అలవాటుపడును. ఆ సంగతి మనము మరచిపోదుము.

ఆ నల్లని పట్టీల వెనుక ఒక నిర్ణయము కలదు. చిత్రము తీయువారు మొదటి దృశ్యమునకు కెమేరా నిలుపుటకు ముందే చేయవలసిన నిర్ణయమది. బొమ్మ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉండవలెను అన్నదే ఆ ప్రశ్న. చిన్న ప్రశ్నవలె తోచును. మేము కొందరు మిత్రులము కలిసి, మార్కాపురము గిద్దలూరు ప్రాంతమున, స్వల్పమైన పెట్టుబడితో ఒక కథాచిత్రమునకు పూనుకొన్నపుడు ఈ ప్రశ్న మమ్ము ఎట్లు చిక్కులపెట్టినదో, మేము ఏమి నేర్చుకొంటిమో ఈనాడు మనవి చేయదలచితిమి.

రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు. కావున శ్రోతలు తమ ఇంటి గోడపై మనస్సులోనే ఒక తెర గీసికొనవలెను. దాని ఎత్తు 12 అంగుళములనుకొందము. వెడల్పు 16 అంగుళములైనచో అది 4:3. పాత టెలివిజను పెట్టె ఆకారము. 16 అంగుళముల మీద మరి అర అంగుళము కలిపినచో అది అకాడమీ కొలత. మన పాత నలుపు తెలుపు చిత్రములు ఇంచుమించు అన్నియు ఈ కొలతవే. వెడల్పు 21 అంగుళములు దాటినచో ఇప్పటి టెలివిజను తెర. 22 అంగుళములు దాటినచో సినిమాహాలువారు 'ఫ్లాటు' అని పిలుచు కొలత. 28 అంగుళములు దాటి 29కి దగ్గరైనచో అది 'స్కోపు'. నేటి మన పెద్ద చిత్రములకు అలవాటైన పొడవైన తెర. ఎత్తు అన్నింటికిని ఒక్కటియే. మారినది వెడల్పు మాత్రమే. కాని ఆ వెడల్పుతోపాటు మనిషికిని నేలకును గల సంబంధము కూడ మారుననుట ఈ ప్రసంగమునకు మూలము.

ఈ ఆకారములు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. 1890ల దశకములో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన డిక్సన్ అను నతడు 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్మునకు ఇరు అంచులను రంధ్రములు వేసి, ఒక్కొక్క బొమ్మకు 4 రంధ్రముల ఎత్తు కేటాయించెను. 4:3 అను నిష్పత్తి అట్లు స్థిరపడినది. చిత్రములకు మాట వచ్చిన తరువాత ధ్వనిరేఖకు ఫిల్ము అంచున చోటు కావలసివచ్చెను. బొమ్మ ఇరుకై ఇంచుమించు చదరమయ్యెను. 1932లో హాలీవుడ్ అకాడమీవారు ఎత్తును కూడ కొంత తగ్గించి 1.37 కొలతను నిర్ణయించిరి. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955) ఆ కొలతలోనిదే. మన 'మాయాబజార్' (1957) ఆ కొలతలోనిదే.

ఇంతలో అమెరికాలో ఇంటింట టెలివిజను వెలసినది. ప్రజలు హాలుకు వచ్చుట తగ్గించిరి. ఇంటిలో దొరకనిదేదో హాలులో చూపవలెనని వ్యాపారులు తలపోసిరి. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఆన్రి క్రెతియెన్ 1920లలోనే రూపొందించిన ఒక లెన్సు వారికి అక్కరకు వచ్చినది. అది వెడల్పైన దృశ్యమును ప్రక్కలనుండి నొక్కి ఫిల్ముపై ఇమిడ్చును. హాలులోని యంత్రపు లెన్సు దానిని మరల విప్పును. 1953లో 'ది రోబ్' చిత్రముతో ఈ పద్ధతి సినిమాస్కోపు అను పేర వెలువడినది. మన దేశమున తొలి సినిమాస్కోపు చిత్రము గురుదత్ నిర్మించిన 'కాగజ్ కే ఫూల్' (1959). తెలుగులో తొలి స్కోపు చిత్రము 'అల్లూరి సీతారామరాజు' (1974), వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు. చింతపల్లి అడవులలో తీసిన ఆ చిత్రమునకు కొండల వరుస, జనసమూహము, గుఱ్ఱముల పరుగు కావలెను. వెడల్పు తెర దానికి తగిన బట్టయే.

ఒకటి యంత్రము కొఱకు, మరియొకటి వ్యాపారము కొఱకు పుట్టిన ఆకారములలో ఏది శాస్త్రము, ఏది ఆచారము అని విడదీయుట కష్టము. అయినను ఒక ఆకారమునకు కూర్చిన బొమ్మను మరియొక ఆకారమునకు మార్చినచో ఏమగునో లెక్క వేయవచ్చును. 2010లో 'మాయాబజార్' చిత్రమునకు రంగులద్ది, స్కోపు కొలతకు మార్చి విడుదల చేసిరి. క్రొత్త తరమువారు ఎందరో దానిని హాలులో చూచి సంతోషించిరి. అది మేలే. కాని 1.37 కొలతగల బొమ్మను వెడల్పు చెడకుండ 2.35 కొలతకు తేవలెనన్నచో ఎత్తులో నూటికి 40 పాళ్లకు పైగా వదలుకొనవలెను. ఇది గణితము; ఎవరి పనితనమును తక్కువచేయు మాట కాదు. మార్కస్ బార్ట్‌లే పైన ఎంత చోటు విడిచెనో, క్రింద ఎంత నేల చూపెనో అదియంతయు ఆలోచించి విడిచినదే, చూపినదే. కావున వెడల్పు అనునది తరువాత సరిదిద్దుకొనదగిన సంగతి కాదు. ముందే తేల్చుకొనవలెను.

ఇక మా సంగతికి వచ్చెదము.

మా కథ మార్కాపురపు పలకలకు సంబంధించినది. ఒకప్పుడు దేశమునందలి ఎన్నో బడులలో పిల్లలు అక్షరములు దిద్దినది ఆ పలకలమీదనే. గనిలో రాతిని పొరలుగా లేపుదురు, ఉలితో చీల్చుదురు, కొలతకు కోసి, అరగదీసి, చెక్క చట్రము బిగింతురు. నోటుపుస్తకములును ప్లాస్టిక్ పలకలును వచ్చిన పిదప బడిపలకకు గిరాకి తగ్గినది. ఇప్పుడచటి రాయి గోడలకును నేలకును అలంకారపు బిళ్లలై విదేశములకు పోవుచున్నది. మా కథలో రాయి చీల్చు ఒక తల్లి, చదువు ముగించి హైదరాబాదు పోయిన ఆమె కుమారుడు, అతడు ఇంటికి వచ్చిన నాలుగు దినములు: ఇంతే. పెట్టుబడి మేమే తలకొంత వేసికొన్నది. కొంత అప్పు కూడ.

మొదట మాలో ఎవ్వరికిని సందేహము లేదు. స్కోపులో తీయవలెననియే అనుకొంటిమి. అందుకు కారణము ప్రయాణము. నంద్యాలనుండి గిద్దలూరునకు రైలులో వచ్చునపుడు నల్లమల నడుమనుండి రావలెను. సొరంగములు దాటి, అడవి దాటి, దిగువమెట్ట విడిచి గిద్దలూరు చేరునప్పటికి కిటికీ బయట నేల ఒక్కసారిగా విప్పుకొనును. ఆ పిదప కంభము చెరువు. గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ విజయనగర కాలమున కట్టిన కట్టమీద నిలిచి చూచినచో నీరు కొండల పాదముల వరకు పరచుకొని యుండును. మార్కాపురము వైపు సాగినచో రాళ్లు తేలిన మెట్టపొలములు, కంది, మిరప, వాని వెనుక నీలముగా నల్లమల. ఇంత విశాలమైన సీమను ఇరుకు తెరలో ఎట్లు చూపుట? మాలో కెమేరా పట్టు మిత్రుడు కంభము కట్టమీదనే చేతులు చాచి కొలత చూపి, "ఇది స్కోపు కాక మరేమి?" అనెను. మేమును తలయూపితిమి.

మార్కాపురములో పని మొదలైన పిదప చిక్కు తెలిసినది. పలకరాయి చీల్చి జీవించు ఒక పెద్దమ్మ దయతో తన ఇంటిలో పరీక్షకు కొన్ని దృశ్యములు తీసికొననిచ్చినది. ఒకే గది. పైన రేకుల కప్పు. క్రింద రాతిబండల నేల; దానిమీద ఎంత ఊడ్చినను పోని సన్నని పొడి. ఆమె గడపవద్ద కూర్చుండి పని చేయును. స్కోపు కొలతతో ఆమెను చూడబోయినచో రెండే దారులు. దగ్గరగా పోయినచో తల పైభాగము, చేతులు రెండును ఒక్కసారి ఇమడవు. ముఖము కావలెనన్న చేయి పోవును, చేయి కావలెనన్న ముఖము పోవును. దూరముగా పోయినచో ఆమెకు రెండు ప్రక్కలను గోడ, గోడ, గోడ. దూరముగా పోవుటకైనను ఆ గదిలో చోటేది? ఎదుటి గోడకు మా వీపులు ఆనినవి.

తీసినదానిని ఫోనులో ఆమెకు చూపితిమి. ఆమె చాలసేపు చూచి, "ఇదేంది నాయనా, మా ఇల్లు కల్యాణమండపం మాదిరి ఉండాదే! ఇందులో నేను యాడుండా?" అనినది. మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మరునాడు అదే చోట, అదే వెలుతురులో, 4:3 కొలతతో తీసి చూపితిమి. ఇందులో ఆమె నడుమ కూర్చుండినది. పైన కప్పు, క్రింద నేల రెండును కనబడినవి. ఆమె వ్రేలితో తెరమీద పైభాగము చూపి, "ఇదీ మా ఇల్లు. ఇగో, వానొస్తే కురిసేది ఈడనే" అనినది. రేకుల మధ్య ఆ మరక మేము గదిలో ఉన్నంతసేపు గమనింపలేదు. ముందునాటి బొమ్మలో అది లేనే లేదు. ఎత్తు లేని తెరలో కప్పునకు చోటు లేదు. కప్పు లేనిచో, మా కథలో కుమారుడు నగరమునుండి పంపు డబ్బు దేనికో ప్రేక్షకునికి మేము మాటలతో చెప్పవలసి వచ్చును.

గనివద్దను ఇదే అనుభవము కలిగినది. దూరమునుండి చూచినచో గని వెడల్పుగానే యుండును. కాని పనిచేయువాడు వెడల్పున పనిచేయడు, లోతున పనిచేయును. పైన ఒడ్డు, నడుమ పొరలు పొరలుగా రాయి, అడుగున మనిషి. ఈ మూడును ఒకే బొమ్మలో ఉన్నపుడే అతడు ఎంత లోతున ఉన్నాడో, రాతిపొడి ఎచటికి పోవుచున్నదో తెలియును. రాతిపొడి ఊపిరితిత్తులకు చేటు అని పుస్తకములు చెప్పును. ఆ పొడి పైకి పోవుటకు దారి లేక మనిషి చుట్టును నిలిచియుండుట ఎత్తైన చట్రమే చూపగలిగినది.

అంతటితో మేమందరము ఏకమైతిమనుకొనరాదు. స్కోపు కోరిన మిత్రుడు పట్టు వదలలేదు. అతని వాదములు తేలికయైనవి కావు. వానిని ఉన్నవున్నట్లు చెప్పుట న్యాయము.

మొదటిది: వెడల్పు తెర కొండలకే గాని మనిషికి పనికిరాదనుట తప్పు. 'కాగజ్ కే ఫూల్' తెరనిండ కొండలు లేవు. ఖాళీయైన స్టూడియోలో ఒంటరి మనిషి ఉన్నాడు. వి.కె. మూర్తి ఆ వెడల్పును ఒంటరితనమునకే వాడెను. ఈ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి, ఇప్పటికిని చెప్పలేము. మా కథలోని తల్లి ఒంటరిది కాదు, ఇరుకున బ్రదుకుచున్నది అని మాత్రము అంటిమి.

రెండవది: ప్రేక్షకుని అలవాటు. పెద్ద చిత్రములన్నియు స్కోపులో ఉండగా మనది పలకవలె కనబడినచో, "ఇది పాత సినిమా" అనియో, "డబ్బు చాలక ఇట్లు తీసినారు" అనియో జనము అనుకొందురు. ఇది నిజమే. అయినను 2013లో వచ్చిన పోలండు దేశపు చిత్రము 'ఇదా' నలుపు తెలుపులో, పాత అకాడమీ కొలతలోనే, పాత్రల తలలపైన చాల చోటు విడిచి తీయబడినది. లోకమంతయు దానిని ఆదరించినది. కాని పోలండులో చెల్లినది మార్కాపురములో చెల్లునని ఎవరు పూచీ పడగలరు?

మూడవది: మధ్యమార్గము. రెండు కొలతలకును పనికివచ్చునట్లు తీసి, తరువాత ఏదో ఒకటి కోసికొందమని కొందరు సలహా ఇచ్చిరి. ఒకదినము అట్లు తీసి చూచితిమి. తలపైన అక్కరకు మించిన చోటు, ప్రక్కలను అక్కరకు మించిన చోటు. ఏ కొలతకును నిండుదనము లేదు. ఇద్దరు అన్నదమ్ములకు సరిపోవునట్లు కుట్టిన చొక్కా ఇద్దరికిని వదులుగా ఉన్నట్లయ్యెను.

ఖర్చు సంగతి కూడ చూచితిమి. బొమ్మను నొక్కి పట్టు నిజమైన స్కోపు లెన్సులకు అద్దె ఎక్కువ. సామాన్య లెన్సులతో తీసి పైనను క్రిందను కోసికొనవచ్చును. అపుడు ఇప్పటి టెలివిజను ఆకారమునందలి బొమ్మలో సుమారు నాలుగవ వంతు పోవును. 4:3 కొఱకు ప్రక్కలను కోసినను పోవునది సరిగా నాలుగవ వంతే. ఇంటి టెలివిజనులో నల్లపట్టీల లెక్కయు ఇదియే: స్కోపు చిత్రమునకును, 4:3 చిత్రమునకును తెరలో నాలుగవ వంతు, కొంచె మటునిటుగా, నల్లగానే యుండును. వెడల్పు చిత్రమే ఇంటి తెరను నింపునని అనుకొనువారికి ఈ లెక్క వింతగా తోచవచ్చును. కావున డబ్బు మా తగవు తీర్చలేదు.

రేడియో శ్రోతలకు నచ్చు సంగతి ఒకటి కలదు. ఎత్తైన చట్రము వలన బాధపడువాడు శబ్దగ్రాహకుడు. స్కోపులో తీసినపుడు మైకును పాత్ర తలకు పైన, దగ్గరగా పట్టుకొనవచ్చును, బొమ్మలో పడదు. 4:3లో అదే మైకు తెరలో వ్రేలాడును. ఇంకను పైకి లేపినచో మాట పలుచనగును, రేకుల కప్పు చప్పుడు కలియును. మా శబ్దగ్రాహకుడు చివరకు మైకును పలకల దొంతర వెనుక దాచి మాట పట్టెను. చట్రము ఒక్కరి పని కాదని అపుడు మాకు బోధపడినది. దీపము పెట్టువాడు, మైకు పట్టువాడు, గది సర్దువాడు అందరును ముందే ఆ కొలత ఎరిగియుండవలెను.

చివరకు పరీక్ష హాలులో జరిగినది. ఫోనులో చూచి తేల్చుట తగదని, ఆ ప్రాంతమునందలి ఒక ఊరి హాలువారిని బ్రతిమాలి, ఉదయము ఆట మొదలుగాక ముందు పది నిమిషముల చిత్రమును వేయించుకొంటిమి. దీపములు ఆరినవి. తెరమీద మా పెద్దమ్మ కనబడినది. కాని కనుబొమలకు పైన ఆమెకు తల లేదు. క్రింద చేతులు లేవు. యంత్రము నడుపు నతడు ప్రక్కలను చీకటి చూచి, ఏదో పొరపాటు జరిగినదనుకొని, మాకు మేలు చేయదలచి, బొమ్మను తెరనిండ పెంచినాడు. తప్పు అతనిది కాదు. మా బొమ్మ కొలత యిది అని ఒక చీటీయైనను మేము వ్రాసి పంపలేదు. మా మిత్రుడు, స్కోపు కోరినవాడే, లేచి పైకి పోయి, "అన్నా, మాది పలకంత బొమ్మే. ప్రక్కలు నల్లగానే ఉండనీ" అని చెప్పి సరిచేయించెను.

అపుడు మరల మొదటినుండి చూచితిమి. హాలు తెర వెడల్పులో సగమునకు కొంచెము పైగా మాత్రమే మా బొమ్మ. ఇరువైపుల చీకటి. ఆ నడుమ కప్పునుండి నేలవరకు ఒక గది, ఒక మనిషి. ఇంటి తెరపైన ఇరుకుగా తోచినది హాలులో ఎత్తుగా తోచినది. ఆమె రాతిమీద ఉలి పెట్టి సుత్తితో కొట్టినపుడు పొర విడిపోయిన చప్పుడు హాలంతయు వినబడినది. ఎవ్వరమును మాటాడలేదు. బయటకు వచ్చిన తరువాత ఆ మిత్రుడు, "చెరువు దృశ్యము మాత్రము నాకు బాకీ" అనెను. అంతే. నిర్ణయము జరిగినది.

ఆ బాకీ ఇప్పటికిని తీరలేదు. కంభము కట్టను ఒక్క బొమ్మలో ఇమిడ్చుట 4:3లో మాకు చేతకాలేదు. కెమేరాను త్రిప్పుచు చూపితిమి. ఆ నిశ్చలత రాలేదు. గిద్దలూరు బాటలో సాయంకాలము మరలి వచ్చు గొఱ్ఱెలమంద, దాని వెనుక కొండల వరుస, ఒక చక్కని దృశ్యము, తీసియును తీసివేసితిమి. మా చిత్రములో ఆ సీమ విశాలతకు జరిగిన అన్యాయము మేము ఎరిగి చేసినదే. అదే నేలమీద గొఱ్ఱెలకాపరి కథ తీయువారెవరైన ఉన్నచో, వలసపోవు కుటుంబము నడక తీయువారెవరైన ఉన్నచో, వారు నిశ్చయముగా వెడల్పు తెర కోరుదురు; వారికదియే ఒప్పు. మా నిర్ణయము మా కథకు మాత్రమే.

మరియొక మాట. మార్కాపురములో ఒక పలకను కొలిచి చూచితిమి. నిడివి 10 అంగుళములు, అడ్డము 7. అడ్డముగా పట్టుకొన్నచో మా బొమ్మ ఆకారమునకు దగ్గర. ఇది విన్నవారు, "పలక కథ కావున పలక ఆకారము ఎన్నుకొంటిరా?" అని అడుగుచున్నారు. లేదు. అట్టి పోలికలు వినుటకు సొంపుగా ఉండును గాని వానిని నమ్మి చిత్రము తీయరాదు. పలక చదరమైనను, గుండ్రమైనను, ఆ గదిలో కప్పు అచటనే యుండును, నేల అచటనే యుండును.

క్రొత్తగా చిత్రము తీయబూనువారు మమ్ము అడిగినచో మేము చెప్పునది స్వల్పము. కథ జరుగు చోటికి కొలతలు తీసికొని పోకుడు. అచటికి పోయి కొలత తెచ్చుకొనుడు. ప్రయాణములో కిటికీనుండి చూచిన నేలనుబట్టి కాక, కథలోని మనిషి దినమంతయు చూచు నేలనుబట్టి తేల్చుకొనుడు. ఏమి కనబడునో చూచుకొన్న తరువాత, ఏమి కనబడకుండ పోవునో వ్రాసి పెట్టుకొనుడు. ఆ రెండవ పట్టిక చూచి నిద్రపట్టినచో ముందుకు సాగుడు. ఒకసారి తేల్చుకొన్న పిదప కెమేరా తెరపై ఆ గీతలు గీసి, పనివారందరికిని చూపుడు. చిత్రము పూర్తియైన తరువాత హాలువారికి దాని కొలత తెలుపు చీటీ తప్పక పంపుడు. ఫ్లాటు పెట్టె 1998 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు; అందులో 4:3 బొమ్మకు 1440 చుక్కల వెడల్పు వచ్చును. దానినే స్కోపు పెట్టెలో ఉంచినచో ఎత్తు 858కి తగ్గి వెడల్పు 1144 మాత్రమే మిగులును. పెట్టె మారినచో మీ మనిషి చిన్నదగును. ఇట్టి చిన్న లెక్కలవద్దనే పెద్ద శ్రమ వృథాయగును.

ఇక ఇంట కూర్చుండి చూచువారికి ఒక విన్నపము. టెలివిజనులో ఏ చిత్రమునకైన నల్లని పట్టీలు కనబడినచో మీట నొక్కుటకు ముందు ఒక్క నిమిషము ఆగుడు. ఆ చీకటిలో మీకు దక్కవలసినదేదియు దాచబడలేదు. దాని నడుమ ఉన్నదే ఆ చిత్రము తీసినవారు మీకు ఇవ్వదలచినది. 'మాయాబజార్' పాత ప్రతి దొరికినచో పట్టీలతోనే చూడుడు; ఎత్తులో ఎంత ఉన్నదో అపుడు తెలియును.

చిత్రము పూర్తియైన పిదప ఆ పెద్దమ్మకు చూపుటకు మార్కాపురము పోయితిమి. ఆమె ఇంటిగోడకే తెల్లని దుప్పటి కట్టి వేసితిమి. ఇరుగుపొరుగువారు గడప బయట నిలిచి చూచిరి. కప్పు కనబడిన దృశ్యమున ఒక పిల్లవాడు తెరమీది మరకను, పైనున్న నిజమైన మరకను మార్చి మార్చి చూచినాడు. ఆమె మాత్రము మాతో, "ఈ వానకాలానికి రేకులు మార్పిస్తాడంట నా కొడుకు" అనినది. రేకులు మారినవో లేదో ఈసారి పోయినపుడు చూడవలెను.